చుక్క నీరు రాని తలుపు

ఎవరైనా కారు తలుపు ధడేల్మని వేస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎనభైల్లో ఒకసారి డెట్రాయిట్ నుంచి షికాగో వెళ్లే బస్సులో ఒక జర్మన్ ముసలాయన నా పక్కన కూర్చున్నాడు. నా ఉద్యోగం గురించి అడిగాడు. కార్ల తలుపులు డిజైన్ చేస్తాననీ, నా తలుపు వేస్తే చుక్క నీరు లోపలికి రాదనీ గొప్పగా చెప్పాను.

ఆయన జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. దానికి బొటనవేలు ఒక్కటే ఉంది.

"రెండో ప్రపంచ యుద్ధంలో మా సబ్‌మెరైన్ మీద బాంబులు వేశారు. పక్క గదిలోకి సముద్రం దూసుకొచ్చింది. అందులో ఉన్న మా ఫ్రెండ్‌ని లాగుదామని తలుపు సందులోంచి చెయ్యి పెట్టాను. వాడు నా వేళ్లు పట్టుకున్నాడు. ఆఫీసర్ ఉక్కు తలుపు మూసేశాడు."

"మీ చెయ్యి ఉండగానే?"

"మూయకపోతే అందరం పోయేవాళ్లం. మంచి తలుపు. చుక్క నీరు రాలేదు."

చెయ్యి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"నా వేళ్లు ఇంకా వాడి చేతిలోనే ఉన్నాయి," అన్నాడు.