మోటారు పేజీ ఎవరికీ ఇవ్వని సారు

బుధవారం. పొద్దటి నుంచి ముసురు. కోరుట్లలో దుకాణం తెరిచి, కారుతున్న రేకు సందుకు తారు పూశాను. చేతులు కడుక్కుంటుండగా జగిత్యాల నుంచి ఫోన్. సారు తెల్లవారుజామున పోయారు.

నేను కంప్యూటర్లు బాగుచేస్తూ పని నేర్చుకున్నవాణ్ని. కంప్యూటర్లో అన్నిటినీ నడిపే కెర్నెల్ అంటే ఏమిటో, యంత్రానికీ ప్రోగ్రాముకూ మధ్య డ్రైవర్ ఎట్లా నిలబడుతుందో సారే చెప్పారు. ఉద్యోగ విరమణ తర్వాత ఆయన, సిరిసిల్ల సాంచాలకు, అంటే మరమగ్గాలకు, డిజైన్ బోర్డులు అమ్మే ఒక కంపెనీకి డ్రైవర్ రాసేవారు. ప్రతి మార్పూ ముందు కాగితం మీద గీసేవారు. ఈలోపు చాయ్ చల్లారిపోయేది. అదే తాగేవారు.

చీర అంచు మీద పువ్వు ఎట్లా రావాలో ఆ బోర్డు మెమరీలో ఉంటుంది. ఆ మెమరీని డిజైన్ ప్రోగ్రాముకు నేరుగా అప్పగించడాన్నే మ్యాపింగ్ అంటారు. కెర్నెల్ దాన్ని పేజీల లెక్కన ఇస్తుంది, అంతకన్నా చిన్న ముక్క చేయలేదు. మొదటి బోర్డులో పువ్వూ, మోటారును నడిపే మీటా, అదీ మెమరీలో ఒక గడే, ఒకే పేజీలో ఉన్నాయి. సారు వద్దన్నారు. "ఇల్లు కిరాయికిస్తే గది తాళంచెవి ఇస్తం. బీరువాది గూడ ఇస్తమా?" అన్నారు. కంపెనీ మేనేజరు నవ్వి, వేరేవాళ్లతో డ్రైవర్ రాయించి అమ్మేశాడు.

పోగు తెగితే సాంచా ఆపి, చేయి లోపల పెట్టి ముడి వేస్తారు. ఆలోపు ఇంకొకరు కొత్త డిజైన్ ఎక్కిస్తారు. సమయం కలిసొస్తుందని అందరూ చేసేదే. ఒకనాడు కొలత మించిన డిజైన్ పువ్వు దాటి మోటారు మీట మీద పడింది. ఆగిన సాంచా కదిలింది. ముడి వేస్తున్న ఒక ఆసామి, అంటే సాంచా నడిపే మనిషి, వేళ్లు నలిగిపోయాయి. ఆయనదే అజాగ్రత్త అంది కంపెనీ.

సారు వెంట నేనూ బస్సులో వెళ్లాను. ఆసామి కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని అడిగాడు: "సాంచా నేనే బంద్ వెట్టిన సారూ. మళ్ల ఎవలు నడిపిండ్రు?" తిరుగు బస్సులోనే సారు కాగితం తీసి బోర్డు బొమ్మ మళ్లీ గీయడం మొదలుపెట్టారు.

తర్వాత కంపెనీతో కొట్లాడి మోటారు మీటను వేరే పేజీకి మార్పించారు. డ్రైవర్లో ఒక తనిఖీ రాశారు: డిజైన్ పేజీ అడిగితే ఇవ్వు, మోటారు పేజీ ఎవరడిగినా ఇవ్వకు. దానికోసం ఎన్ని మాటలు పడ్డారో. ముసలాయన మొండి అని ఊరంతా చెప్పిన మేనేజరే ఈరోజు జగిత్యాల శ్మశానానికి అందరికన్నా పెద్ద పూలదండ తెచ్చాడు. సారు గొప్పతనం గురించి ఉపన్యాసం ఇచ్చాడు. ఆ దండ తీసి బురదలో పారేయాలనిపించింది.

చితిలో తడి కట్టెలు ఇంకా అంటుకోలేదు, నన్ను పక్కకు పిలిచాడు. డిజైన్ ప్రోగ్రామే మోటారునూ నడిపితే కొనేవాళ్లకు సులువట. సారుతోపాటు కాంట్రాక్టు మీద పనిచేసింది నేనే కాబట్టి డ్రైవర్ ఇక నా చేతిలోనే ఉందట.

"గా తనిఖీ తీసేసి పంపు. పైన సారు పేరే పెడ్దాం. ఆయనకు ఇజ్జత్ ఉంటది."

పేరు ఆయనది. పోయే వేళ్లు ఇంకెవరివో.

"తియ్య," అన్నాను.

"నీ కాంట్రాక్టు సంగతి చూసుకో మరి."

"చూసుకున్న. తియ్య."

చదివేవాళ్లలో సాంచాలున్నవాళ్లు ఉంటారు. సారు పేరు మీద కొత్త డ్రైవర్ వచ్చిందంటే ఎక్కించకండి. ముందు నన్ను అడగండి.

స్నానం చేసి దుకాణానికి వచ్చి, బల్ల మీది బోర్డుకు కరెంటు పెట్టాను. మోటారు పేజీ ఇమ్మని అడిగాను. డ్రైవర్ కుదరదంది. అడ్రస్ మార్చి, కొలత పెంచి, దొంగదారిన అడిగాను. కుదరదంది. పక్కన చిన్న మోటారు కదలకుండా ఉంది. దాని ఇరుసు మీద వేలు పెట్టి, చాలాసేపు అట్లాగే ఉంచాను. వాన తగ్గింది. షట్టరు దించే ముందు, పొద్దున తారు పూసిన రేకు సందు కింద చేయి పెట్టి చూశాను, చుక్క కూడా పడలేదు.