వాగు అవతలి ఊరితో ఆడని ఆట

మొన్న టేకులపల్లి గ్రంథాలయంలో పేపరు ఆటల పేజీ తిప్పుతుంటే ఒక మూల చిన్న పట్టిక కనపడింది. యూరప్ దేశాలు పెద్ద టోర్నీకి అర్హత కోసం ఆడే పోటీల్లో ఒక గ్రూప్‌ది. చివరి రోజు ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు డ్రా చేసుకున్నారు, ఇద్దరూ పైకి పోయారు, మూడోవాడు తన మ్యాచ్ గెలిచి కూడా ఇంటికి పోయాడు. నా పక్కన కూర్చున్న రిటైర్డు బస్సు కండక్టరు అది చూసి ఆటన్నాక అట్లనే ఉంటదని అన్నాడు. ఇద్దరికీ డ్రా చాలు అన్నచోట డ్రానే వచ్చిందంటే నాకు ఇప్పటికీ ముందు అనుమానం వస్తుంది, ఆ తర్వాత సిగ్గు వస్తుంది.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగతాదంతా ఆ గ్రంథాలయం పెట్టిన భిక్ష. దేశాలన్నీ నేను అక్కడి అట్లాసులోనే తిరిగాను, మధ్యలో రెండు పేజీలు ఎవరో చింపుకుపోవడంతో కొన్ని సముద్రాలు మాత్రం చూడలేదు. మూడేళ్ళ కింద ఒక యూరప్ గ్రూప్‌ను పట్టుకుని మొదటి మ్యాచ్ నుంచి చివరిదాకా నోటుబుక్కులో రాసుకున్నాను. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి, పాయింట్లు సమానమైతే గోల్స్ తేడా. అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి, చివరి రోజు మ్యాచ్‌లన్నీ ఒకే సమయానికి మొదలవుతాయి. పక్క మైదానంలో ఏం జరిగిందో చూసుకుని తీరిగ్గా ఆడే వీలు ఎవరికీ ఉండకూడదని. మనుషుల మీద అంత చక్కని అనుమానంతో రాసిన నియమం నేను ఇంకెక్కడా చదవలేదు.

ఇదంతా మా బావకు చెప్పాను. వాగు అవతలి ఊరికి మా అక్కను ఇచ్చాం, అక్కడి జట్టుకు బావే కెప్టెను. అరుగు మీద చింతగింజలు పేర్చి, ఇది ఒక దేశం, ఇది ఇంకో దేశం అని చూపిస్తుంటే ఆయన గడ్డం గోక్కుంటూ విన్నాడు. డ్రా చాలిన రెండు గింజలను వేలితో దగ్గరికి జరిపి, "ఈ రెండూళ్ళకు వియ్యం ఉందా బామ్మర్దీ?" అన్నాడు. దేశాలకు వియ్యం ఏంది బావా అన్నాను. "మరి ఒకడి నోటికాడి కూడు ఇంకొకడు ఎందుకు తీస్తడు" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు గుర్తుండిపోయింది. తర్వాత దాన్ని నా లోపల చాలాసార్లు తిరగేసి చూశాను.

ఆ ఏడు వరికోతలు అయ్యాక నాలుగు ఊళ్ళకు ఫుట్‌బాల్ పెట్టారు. మొదటి రెండు జట్లు భద్రాచలంలో జరిగే పోటీకి పోతాయి. ఎప్పుడూ ఓడినవాడు ఇంటికి అన్న పద్ధతే ఉండేది. నేను ఆశ్రమ పాఠశాల ఆటల సారు దగ్గరికి నోటుబుక్కు పట్టుకుపోయి, యూరప్ గ్రూప్ మాదిరి, ప్రతి జట్టూ మిగతా మూడిటితో ఆడేలా పెట్టించాను. చివరి రెండు మ్యాచ్‌లు ఒకే సమయానికి ఉండాలని కూడా నేనే పట్టుబట్టాను. ఒకటి మా ఊరి పొలంలో, ఒకటి వాగు అవతల. మా దగ్గర ఫోన్ సిగ్నల్ లేదు, గుట్ట ఎక్కితే తప్ప దొరకదు. అవతలి ఆట సంగతి ఫోన్లో తెలుసుకున్న జట్టును తీసేయాలన్న నియమం కూడా నా చేతి రాతే.

చివరి రోజు వచ్చేసరికి లెక్క ఇట్లా ఉంది. అవతల బావ జట్టుకు, వాళ్ళతో వియ్యం ఉన్న మూడో ఊరి జట్టుకు మ్యాచ్. అందులో ఎవరు ఓడినా, మేం గెలిస్తే చాలు, మేం పోతాం. వాళ్ళు డ్రా చేసుకుంటే మాత్రం మేం అయిదు గోల్స్ తేడాతో గెలవాలి. మేం నాలుగో ఊరి మీద మూడు కొట్టి గెలిచాం. గోల్ పడ్డప్పుడల్లా మావాళ్ళు అలవాటు ప్రకారం డోలు వాయించారు, ఆడవాళ్ళు అడుగులేశారు, నేను డోలు పక్కనే నిలబడి, ఆ మోతకు చెవులు మూసుకుని, తర్వాత నోటుబుక్కులో గీత గీశాను. సాయంత్రం అవతలి నుంచి కబురొచ్చింది. ఒక్క గోల్ లేకుండా డ్రా. రెండో సగమంతా బంతిని పసిపిల్లను చేతులు మార్చినట్టు ఒకళ్ళకొకళ్ళు అందించుకున్నారట.

నాకు ఇంకేం కావాలి. మేం మూడు దగ్గరే ఆగామని వాళ్ళకు తెలియకపోతే అంత నింపాదిగా ఎట్లా ఆడతారు? ఎవరు మోశారు ఈ కబురు? మ్యాచ్ మధ్యలో వాగు దాటిన మోటారుసైకిల్ ఎవరిది? మా గోల్ కీపరు పెళ్ళాం పుట్టిల్లు అటే కదా? రెండు రోజులు ఊళ్ళో ఎవరు నీళ్ళిచ్చినా అనుమానంగానే తాగాను. చివరికి గుట్ట మీద ఎవరో ఫోన్ పట్టుకుని నిలబడితే చూశామని పశువుల కాపరి ఒకాయనకు ఇంకెవరో చెప్పారన్నారు. నేను తెల్లకాగితం మీద ఫిర్యాదు రాశాను. చూశారట అని రాస్తే ఫిర్యాదుకు బలం ఉండదని చదువుకున్నవాణ్ణి కదా. చూశాం అని రాశాను. బావ జట్టు మనిషి అని కూడా రాశాను.

సారు నా అక్షరాలను నమ్మాడు. బావ జట్టును తీసేసి మమ్మల్ని పంపాడు. భద్రాచలంలో మేం మొదటి మ్యాచ్‌లోనే ఓడి, గోదావరిలో స్నానం చేసి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాం. బావ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ మౌనం చూసి, తప్పు చేసినవాడే అంత మౌనంగా ఉంటాడని నా అనుమానం ఇంకా బలపడింది.

కొత్తల పండుగకు అక్క పిలిస్తే వాగు దాటాను. కొత్త బియ్యం అన్నం, చిక్కుడుకాయ కూర పెట్టింది. బావ మోకాలికి ఏదో ఆకు పసరు కట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. అక్క వడ్డిస్తూ వడ్డిస్తూ, నా ముఖం చూడకుండా అడిగింది.

"మీ డోలు ఈ పొయ్యికాడికి ఇనపడ్డది తమ్మీ. మూడుసార్లు కొట్టిన్రు. ఇగ ఫోన్ ఎందుకు?"

చావు కబురైనా పండుగ కబురైనా వాగు దాటేది డోలు మీదే. అది తెలుసుకోవడానికి ఏ గ్రంథాలయమూ అక్కర్లేదు. అవతల గోల్ పడలేదు కాబట్టి అటు నుంచి చప్పుడు రాలేదు, నాకు ఆ ఆలోచన రాలేదు.

"మూడే అయినయని తెలిసినాక ఎందుకు ఉరుకుతం?" అన్నాడు బావ, కోపం లేకుండానే. "గోల్స్ తేడా సంగతి నువ్వే గదా నేర్పినవ్."

మరి సారుకు చెప్పకపోతివే అన్నాను. ఆయన మోకాలు సర్దుకున్నాడు. "చెప్తే నువ్వు చూడంది చూసినా అని రాసినవని తేలుతది. మీ అక్క ముంగట నీకు తలవంపు ఎందుకు."

మర్నాడే సారు దగ్గరికి పోయి నిజం చెప్పాలనుకున్నాను. మిర్చి కోతలు వచ్చాయి, తర్వాత ఎండాకాలం సెలవులు, తర్వాత సారుకు బదిలీ అయింది. ఇవన్నీ సాకులే. ఇప్పుడు నాకు ఇంకో అనుమానం మిగిలింది, దాన్ని ఎవరి మీదకూ తోయలేను. డోలు పక్కన నిలబడి, మూడుసార్లు చెవులు మూసుకున్నవాడికి ఆ చప్పుడు వాగు దాటుతుందని నిజంగానే తట్టలేదా, తట్టనివ్వలేదా? బావ ఆ ఏడు తర్వాత ఆడలేదు. ఇప్పుడు ఆట జరుగుతుంటే గట్టు మీద కూర్చుని చూస్తాడు, నన్ను చూస్తే జరిగి చోటిస్తాడు. నేను ఇంకా సారుకు రాయలేదు. తప్పు ఒప్పుకోవడానికి ఎన్నేళ్ళయినా ఉన్నాయనే ధైర్యంతో మూడేళ్ళు గడిపాను, ఆడటానికి బావ మోకాళ్ళకు మిగిలింది ఆ ఒక్క ఏడే.