బల్లబంతిలో ఆఖరి దెబ్బ

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇవాళ మీ ముందు దించేస్తాను. మీరెవరో నాకు తెలియదు, అదే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పబోయిన ప్రతిసారీ వేరే సంగతి ఎత్తుకుని తప్పించుకున్నాను.

ముందే ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. ఈ కథ తలుచుకుంటే నాకు మొదట ఏడుపు రాదు. హుషారు వస్తుంది! ఈ ముసలి వేళ్లు ఇప్పటికీ కందిపుల్ల కోసం తడుముకుంటాయి. తప్పు చేసినవాడికి ఆ తప్పు జరిగిన రోజు ఇంత సంబరంగా గుర్తుండవచ్చా? ఉండకూడదు. కానీ ఉంది. ఏం చేయను?

ధాత నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువు పోయీ పోని రోజులవి. ఉదయగిరి కొండ కింద మా బడి ఒక పూరిపాక. పంతులుగారు కిరస్తానీ, మెత్తని మనిషి. బడికి వచ్చిన పిల్లలకు మధ్యాహ్నం గంజి పోయించేవారు. మా నాయన మోతుబరి. నాకు గంజి అక్కర్లేదు, అక్షరాలు చాలు. నా ఈడువాడే దావీదు, మాలపల్లె నుంచి వచ్చేవాడు, నన్ను చిన్నబ్బయ్యా అని పిలిచేవాడు. వాడికి రెండూ కావాలి. కరువులో తల్లి పోయింది. తన గంజిలో సగం ముంతలో పోసుకుని చెల్లెలికి పట్టుకెళ్లేవాడు.

మేము పాక లోపల కూర్చునేవాళ్లం. దావీదు వాళ్లు బయట పందిరి కింద. గుమ్మంలో, సగం లోపలికీ సగం బయటికీ ఒక పొడుగాటి బల్ల. ఎవరి పలక వాళ్లు దాని మీద పెడితే పంతులుగారు దిద్దేవారు. చేతికి చెయ్యి తగలకుండా చదువు సాగాలని మా పెద్దలు చేసిన ఏర్పాటు.

ఒకరోజు పంతులుగారు పొయ్యి దగ్గరికి వెళ్లారు. దావీదు ఊరికే ఒక గచ్చకాయను బల్ల మీద నా వైపు దొర్లించాడు. నేను పలక అంచుతో తోశాను. వాడు మళ్లీ తోశాడు. అది నా పక్క నుంచి కింద పడింది. వాడు పకపకా నవ్వాడు. అంతే! ఆట పుట్టింది.

గచ్చకాయ వంకరగా పోతోందని గుడ్డపేలికలతో బంతి చుడదామన్నాను. దావీదు వద్దన్నాడు. గుడ్డకు మైల అంటుతుంది, ఎండుకట్టెకు అంటదు. ఆ లెక్కలు నాకంటే వాడికి బాగా తెలుసు, తెలియకపోతే వాడికి గడవదు కదా. కొండ నుంచి కట్టె తెచ్చి, చెక్కి, బండ మీద అరగదీసి, చిన్న నిమ్మకాయంత బంతి చేసుకొచ్చాడు. తలా ఒక జానెడు కందిపుల్ల. బల్ల మధ్యన సుద్దగీత. బంతి ఎవరి అంచు దాటి పడితే వాళ్లు ఓడినట్టు. ఎవరి చెయ్యి గీత దాటినా ఓడినట్టే. ఆ నియమం కూడా దావీదే పెట్టాడు. అందుకే మా నాయన చూసి కూడా కాదనలేదు.

ఇక మాకు తిండి లేదు, ధ్యాస లేదు! టకటకమని ఒకటే మోత. వాడి గంజి చల్లారి తొరక కట్టేది. నేను రేపు ఎలా కొట్టాలా అని పడుకుని కూడా పుల్ల ఆడించేవాణ్ని. కొన్నాళ్లకే కలువాయి, కొండాపురం బళ్లకూ ఆట పాకింది.

ఆ ఏడు పరీక్షకు చుట్టుపక్కల పిల్లలందరినీ ఆత్మకూరు రమ్మన్నారు. మేము బండ్లలో వెళ్లాం, దావీదు వాళ్లు బండ్ల వెనక నడిచారు. పరీక్ష అయిపోగానే చావడి ముందు బల్ల వేశారు. ఎక్కడెక్కడి పిల్లలో ఆడారు, ఓడారు. చివరికి మిగిలింది నేనూ దావీదూ! పెద్దలు కూడా చుట్టూ మూగారు. మా నాయన ముందు వరసలో ఉన్నాడు.

ఆహా, ఏం ఆట అది! బంతి కంటికి ఆనలేదు. వాడు మూలకు కొడితే నేను అందుకున్నాను. నేను విసురుగా కొడితే వాడు పుల్లను మెత్తగా ఆనించి ఆపాడు. జనం ఈలలు, కేకలు. అప్పుడు వాడు బంతిని మెల్లగా, గీత దగ్గరే ఆగిపోయేలా తట్టాడు. నేను ఒళ్లు మరిచి ముందుకు దూకాను. నా చెయ్యి గీత దాటింది. దాటి వాడి వేళ్లకు తగిలింది.

ఎన్నాళ్లుగానో కలిసి ఆడుతున్నాం. ఆ చెయ్యి నాకు తగలడం అదే మొదటిసారి. సన్నగా, వెచ్చగా ఉంది.

కేకలు ఆగిపోయాయి. పంతులుగారు ముందుకొచ్చారు.

"ఎవరి చెయ్యి దాటింది దావీదూ?"

వాడు నా వైపు చూశాడు. వాడి మొహంలో బెదురు లేదు. "చిన్నబ్బయ్యకు తెలుసయ్యా. ఆయన్నే అడగండి."

"చెప్పరా, నువ్వా వాడా?" అన్నాడు నాయన.

"వాడే నాయనా. వాడే చెయ్యి చాపినాడు."

ఎందుకన్నాను? నాయన కొడతాడనా? నా మీద ఆయన ఎన్నడూ చెయ్యెత్తలేదు. నిజం చెబితే నాకు పోయేదేముంది? ఒక ఆట, మైల పోవడానికి తలకు నాలుగు చెంబుల నీళ్లు. అది తెలిసే అన్నాను. ఓడిపోవడం ఇష్టం లేక అన్నాను. ఇంతకంటే మంచి కారణం కోసం ఏళ్లకేళ్లు వెతికాను, దొరకలేదు.

ఆ పిల్లవాడు ఇక బడి గుమ్మం తొక్కితే మా పిల్లల్ని పంపం అని పెద్దలు అక్కడే తేల్చేశారు. పంతులుగారు తలొంచుకున్నారు. దావీదు పుల్లను తన వైపు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు ఆనందంగానే ఉంది.

వాడికి బడి పోయింది. బడితో గంజీ పోయింది. ఆ ఎండల్లో దుత్తలూరు దారిన రోడ్డు పనిలో వాణ్ని చూశాను. వాడు కంకర కొడుతున్నాడు, చెల్లెలు తట్ట మోస్తోంది. మా బండి వస్తుంటే పక్కకు తప్పుకున్నాడు. నేను బండి ఆపమనలేదు. మళ్లీ వాళ్లు ఎవరికీ కనిపించలేదు.

మిమ్మల్ని క్షమించమని అడగను. ఆ హక్కు ఉన్నవాడు మీరు కాదు. ఆట దావీదుది. గెలుపూ దావీదుదే. ఆత్మకూరు చావడి ముందు అనాల్సిన మాట ఇప్పుడు అంటున్నాను, వినండి.

నేనే నాయనా. నా చెయ్యే దాటింది.

అబ్బ! ఎంత చిన్న మాట.