ఒడ్డున వదిలిన గూటాలు

పదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న అబద్ధం. ఒక్క ఊపిరిలో అనేసిన మాట. అన్నప్పుడు దానికి బరువే లేదు. తర్వాత ఏటికేడు బరువెక్కింది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఉద్యోగం మానేశాను, రెండు ఊళ్లు మారాను. ఎక్కడికి వెళ్లినా నాకంటే ముందే అది వెళ్లి కూర్చునేది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నానేమో. ఎవరికీ చెప్పలేదని కూడా అనలేను. ఒక్క మనిషికి చెప్పాను, ఈ మధ్యనే. ఆ సంగతి కూడా చెబుతాను. ముందు నన్ను కాలువ దాకా వెళ్లనివ్వండి.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త రోజులు అవి. నాకు ఇరవై రెండేళ్లు. నెల్లూరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేరిన మొదటి ఏడు. మాది బుచ్చిరెడ్డిపాలెం. ఇంట్లో పదకొండు మందిమి. ఎదురుగా వడ్ల మిల్లు. తెల్లవారితే మిల్లు చప్పుడు, పొద్దుగూకితే మా ఇంటి చప్పుడు. ఏ పనీ లేకుండా, ఎవరూ పిలవకుండా, ఒక్కదాన్నే కూర్చున్న గంట ఆ వయసు దాకా నాకు జ్ఞాపకం లేదు. దీన్ని సాకుగా చెప్పడం లేదు. కాదు, సాకుగానే చెబుతున్నానేమో. మీరే చూడండి.

మా స్కూల్లో కుట్టు టీచరు సుగుణమ్మ. నలభై దాటిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు స్కూలు, అంతే ఆమె లోకం. ఆమె నాన్న సర్వే వాళ్లతో ఊరూరూ తిరిగి డేరాలు వేసిన కళాసీ. ఆమె చిన్నతనమంతా డేరాల్లోనే గడిచిందట. ఏటా మా పిల్లల్ని కృష్ణపట్నం దాటి సముద్రపు ఒడ్డుకు నాలుగు రోజులు క్యాంపుకు తీసుకెళ్లేవాళ్లు. డేరాలు, తాళ్లు, ఆ తాళ్లను నేలకు బిగించే కొయ్య గూటాలు, అన్నీ సుగుణమ్మ చేతుల్లోనే. స్టోరు గది తాళంచెవి ఎప్పుడూ ఆమె నడుముకే ఉండేది.

ఆ ఏడు పాత గూటాలు చెదలు తినేశాయని కొత్తవి చేయించడానికి నన్ను వెంటబెట్టుకుని కట్టెల అడితికి వెళ్లింది. సరుగుడు కట్టెలు సన్నగా, తిన్నగా, చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. ఇవి బాగున్నాయక్కా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, మూలన పడి ఉన్న నల్ల తుమ్మ దుంగ దగ్గరికి వెళ్లింది. చీల్చిన ముక్కలు రెండు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టింది. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ కొట్టింది.

"ఇట్టా గణగణమనాల. బొదబొదమంటే లోపల చేవ లేదని. నెర్ర ఉన్నా తెలిసిపోద్ది, చూడు మే," అని నా చేతికిచ్చింది.

నాకు రెండూ ఒకేలా వినిపించాయి. ఆమె నవ్వింది. ముక్కను వెలుగులోకి ఎత్తి, చార ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా పోయిందో లేదో చూసింది. ముడి ఉన్నదాన్ని పక్కన పడేసింది. వడ్రంగికి తన చెయ్యి చాచి, మోచేతి నుంచి వేళ్ల కొసదాకా పొడవు, దాని మీద ఇంకో జానెడు అని చూపించింది. గుండ్రంగా వద్దు, పలకగా చెక్కమంది. గట్టి నేలకైతే ఏ మేకైనా చాలునట. ఇసుకకు మాత్రం సన్నది దిగినంత సుఖంగానే పైకి వచ్చేస్తుందట, వెడల్పు ఉంటేనే పట్టు దొరుకుతుందట. తాడు జారకుండా తలకింద ఒక గాడి, కొయ్యసుత్తి దెబ్బకు తల చీలకుండా అంచు చుట్టూ కాస్త చెక్కుడు. అన్నీ అయ్యాక ఇంటికి తీసుకుపోయి ఆముదం పట్టించి రెండు రోజులు నీడన ఆరబెట్టింది. ఇరవై నాలుగు గూటాలు. రెండు గోనె కట్టలు. అంత ప్రేమగా ఒక కట్టెముక్కను పట్టుకున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

నెల్లూరు నుంచి ఎద్దుబండ్లలో కాలువ రేవుకు వచ్చాం. బకింగ్‌హాం కాలువలో ఉప్పు, కట్టెలు మోసే పెద్ద పడవ ఒకటి మాట్లాడి పెట్టారు. సుగుణమ్మ ఆ రెండు కట్టలను తనే ఎత్తి పడవ ముందు భాగంలో, తాటాకు గూడు కింద పెట్టింది. నేను చూశాను. కళ్లారా చూశాను. తర్వాత ఆమె పిల్లల్ని లెక్కబెట్టడానికి బండ్ల దగ్గరికి వెళ్లింది.

ఆ గూడు కింద నీడ ఎంత చల్లగా ఉందో చెప్పలేను. ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చోగల చోటు. ఆ చోట్లో కట్టలున్నాయి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి ఒడ్డుమీదికి దొర్లించాను. బియ్యం బస్తాలతో పాటు వెనక వైపు ఎక్కించవచ్చు అనుకున్నాను. అంతలో ఒక పిల్ల చెప్పు నీళ్లలో పడింది. అందరూ కేకలు, నవ్వులు. పడవవాడు గెడతో చెప్పును అందుకునే సరికి పిల్లలంతా ఎక్కేశారు. పడవ కదిలింది. నేను గూడు కింద కూర్చున్నాను.

తర్వాతి గంటను నేను ఎన్నిసార్లు తలచుకున్నానో! ఒడ్డున ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని పడవను లాగుతూ నడుస్తున్నారు. వాళ్ల అడుగుల చప్పుడు కూడా వినిపించడం లేదు. నీళ్లు కదులుతున్నాయో, మేం కదులుతున్నామో తెలియడం లేదు. రెండు వైపులా ఉప్పుమడులు తెల్లగా మెరుస్తున్నాయి. దూరంగా పలచని నీళ్లలో గులాబీరంగు కొంగలు ఒంటికాలి మీద నిలబడి నిద్రపోతున్నాయి. పిల్లల పాట ఎక్కడో గోడ అవతల పాడుతున్నట్టుగా వస్తోంది. నీళ్ల మీది వెలుగు తాటాకుల కింద పాములా పాకుతోంది. నాకు పేరు లేనట్టు, ఊరు లేనట్టు, ఎవరికీ ఏమీ కానట్టు అనిపించింది. అలాంటి సుఖం ఒకటి ఉంటుందని నాకు తెలియదు.

అప్పుడు గుర్తొచ్చింది. గూటాలు ఒడ్డునే ఉన్నాయి.

అప్పటికి ఒక్క వంపే దాటాం. ఆపమంటే ఆగేది. ఒక మనిషి వెనక్కి పరుగెత్తి తెచ్చేవాడు. అరగంట పని. నోరు తెరిచాను కూడా. కానీ తెరిస్తే ఆ గంట చెదిరిపోతుంది. కేకలు, ఎవరు తీశారు, ఎందుకు తీశారు అన్న ప్రశ్నలు. వచ్చే వంపు దాకా ఆగి చెబుదాం అనుకున్నాను. ఆ వంపు వచ్చింది. ఇంకో వంపు దాకా అనుకున్నాను. తర్వాత ఇంకా చెప్పలేనంత దూరం వచ్చేశాం. భయపడ్డానా? అప్పటికి భయం లేదు. నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణంలో ఎవరూ ముఖ్యం కాదు. దీన్ని ఇప్పుడు కాగితం మీద చూస్తుంటే చెయ్యి ఆగిపోతోంది.

సరుగుడు తోపు పక్కన దిగాం. సుగుణమ్మ పడవంతా వెతికింది. బస్తాల కింద, తాళ్ల కింద, పడవవాళ్ల వంటసామాను కింద. మొదటిసారి ఆమె ముఖంలో ఏమీ తోచనితనం చూశాను. నేనూ వెతికాను. అవును, లేవని తెలిసీ ఆమె పక్కన వంగి వెతికాను.

డేరాలతో వచ్చిన పాత ఇనప మేకులు మూడు డేరాలకు సరిపోయాయి. అవి పొట్టివి. నాలుగో డేరాకు పచ్చి సరుగుడు కొమ్మలు కొట్టి చెక్కించింది. ప్రతి తాడు మీదా ఇసుక నింపిన గోనెసంచి పెట్టించింది. చేయగలిగిందంతా చేసింది. అయినా ఆ నాలుగో డేరా చుట్టూ తిరుగుతూనే ఉంది, పొద్దునా సాయంత్రమూ తాళ్లు లాగి చూస్తూనే ఉంది.

రెండో రోజు అన్నాలు తిని పిల్లలు పడుకున్నారు. సముద్రం మీద గాలి తిరిగింది. ఒక్క విసురు. పచ్చి గూటాలు ఇసుకలోంచి ఒకటి వెనక ఒకటి లేచి వచ్చాయి. గుడ్డ ఎగిరి, నడిమి గుంజ పక్కకు కూలింది. కింద విమల. తొమ్మిదో తరగతి పిల్ల. మోచెయ్యి దగ్గర ఎముక విరిగింది. ఆ పిల్ల ఏడవలేదు. తెల్లబోయి నా ముఖంలోకే చూసింది.

మర్నాడు అదే కాలువ మీద తిరిగి వచ్చాం. విమల తల సుగుణమ్మ ఒళ్లో ఉంది. అవే ఉప్పుమడులు, అవే పక్షులు. రేవు దగ్గర పడుతుంటే ఒడ్డుకేసి చూశాను. అక్కడేమీ లేవు. ఎవరో పొయ్యిలోకి తీసుకుపోయి ఉంటారు. నా గుండె తేలికపడింది. ఆ తేలికపడటాన్ని కూడా ఒప్పుకోవాలి కదా.

అప్పుడు సుగుణమ్మ నన్ను మెల్లగా అడిగింది.

"నేను పడవలో పెట్టినాననే అనుకుంటుండా. ఈ చేతుల్తోనే పెట్టినట్టు ఉండాది. నువ్వు పక్కనే ఉంటివి గదమ్మా. చూసినావా?"

"లేదక్కా. నువ్వు బండి దగ్గరే మర్చిపోయినట్టుండావు."

ఆమె తన అరచేతుల్లోకి చూసుకుంది.

"అట్టనా," అంది. "అట్టనే అయ్యుంటుందిలే."

అంతే. ఇదే నేను మోస్తున్నది.

హెడ్మిస్ట్రెస్ అడిగినప్పుడు నేను నోరు తెరవాల్సిన అవసరం కూడా రాలేదు. తప్పు నాదేనమ్మా, మతిమరుపు వచ్చింది అని సుగుణమ్మే చెప్పింది. ఉద్యోగం పోలేదు. తాళంచెవి మాత్రం తీసుకున్నారు. విమల చెయ్యి అతికింది కానీ పూర్తిగా చాచితే కాస్త వంకర. వాళ్ల నాన్న స్కూలుకొచ్చి సుగుణమ్మను నలుగురిలో నానా మాటలూ అన్నాడు. నేను వరండాలో స్తంభం వెనక నిలబడి విన్నాను.

అది కాదు నన్ను తినేసింది. ఆ తర్వాత ఆమె మారిన తీరు. తలుపు గడియ వేసి నాలుగడుగులు వెళ్లి, తిరిగొచ్చి గడియ పట్టుకుని చూసేది. గుడ్డ కత్తిరించే ముందు కొలత మూడుసార్లు తీసేది, అప్పుడూ కత్తెర పెట్టకుండా, "ఒకసారి నువ్వు చూడమ్మా" అని పిల్లల్నే అడిగేది. ఒకనాడు స్టాఫ్ గదిలో టిఫిన్ డబ్బా తెరిచి, "ఇది నేను తెచ్చుకున్నదేనా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె జ్ఞాపకం అద్దంలా ఉండేది. దాన్ని పగలగొట్టింది నేను. ఎందుకు చెప్పలేకపోయాను? మొదటి రోజు చెప్పి ఉంటే తిట్టి ఊరుకునేవాళ్లు. నెల తర్వాత చెబితే అబద్ధాలకోరు అనేవాళ్లు. ఏడాది తర్వాత చెబితే ఏమనేవాళ్లో ఊహించడానికే ధైర్యం చాలలేదు. ఆలస్యమే ఇంకాస్త ఆలస్యానికి కారణమైంది. పెళ్లి కుదిరింది. ఊరు వదిలాను.

ఈ వేసవిలో తెలిసింది, సుగుణమ్మ పని మానేసి చిట్టమూరు దగ్గర తమ్ముడి ఇంట్లో ఉంటోందని. బస్సెక్కి వెళ్లాను. దారంతా ఆ వాక్యాన్ని అటూ ఇటూ మార్చుకుంటూ కూర్చున్నాను.

పెరట్లో మునగచెట్టు కింద మంచం వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టి ఎంత సంతోషపడిందో! మజ్జిగ తెచ్చింది. గ్లాసు ఇచ్చి, "ఉప్పు వేసినానా?" అని అడిగింది. వేశావక్కా అన్నాను. ఇక ఆగలేకపోయాను. చెప్పేశాను. గూడు, నీడ, కట్టలు, వంపు, అన్నీ. ఏడుస్తూ చెప్పాను.

ఆమె నా తల నిమిరింది.

"నా మనసు కుదుటపడాలని నీ మీద ఏసుకుంటుండావా? ఎంత మంచిదానివి మే నువ్వు."

"కాదక్కా, నిజం. నేనే దించాను. నువ్వు పెట్టావు. నేను చూశాను."

"ఊరుకోమ్మా. అవి నేను బండి కిందనే మరిచిపోయినాను. చక్రం పక్కన, రెండు కట్టలు. ఇప్పటికీ కండ్లకు కనపడతాయి నాకు. నాకు బాగా గుర్తుండాది."

బండి చక్రం పక్కన కట్టలు ఎన్నడూ లేవు. ఆ చక్రాన్ని, ఆ కట్టలను ఆమె కళ్లలో పెట్టింది నేను. ఇంకోసారి చెప్పాను. ఇంకోసారి ఆమె నవ్వి, మజ్జిగ తాగమంది. సాయంత్రం తమ్ముడి భార్యను వెంటబెట్టుకుని బస్సు దాకా వచ్చి, నేను తన మీద ఎంత అభిమానంతో ఇంత దూరం వచ్చానో అని ఆమెకు చెప్పి మురిసిపోయింది.

కిటికీ పక్కన కూర్చున్నాను. ఎండ వాలుతూ పొలాల నీళ్ల మీద పడుతోంది. అందంగానే ఉంది. నేను ముఖం తిప్పుకున్నాను.

ఆమె క్షమించలేదు. క్షమించడానికి ఆమె దగ్గర నా తప్పే లేదు, దాన్ని ఆమె ఏనాడో తనదిగా చేసుకుంది. అందుకే మీకు రాస్తున్నాను. మీరు నన్ను ఏమైనా అనండి. కానీ నమ్మండి. సుగుణమ్మ ఆ కట్టలను పడవలో పెట్టింది. తన చేతులతో పెట్టింది. ఏదీ మర్చిపోలేదు.

ఇన్నాళ్లూ ఈ సంగతి తెలిసినది నేనొక్కదాన్నే. ఇప్పుడు మనిద్దరం.