మేడమ్ ఎంచిన చిన్న చిప్పు

టంకం వేసేటప్పుడు లేచే పొగ వాసన తగిలితే నాకిప్పటికీ కూర్చోబుద్ధి కాదు. నిన్న కర్నూలులో మా కాలేజీ ల్యాబ్‌లో ఆ వాసన రాగానే రహమతున్నీసా మేడమ్ గుర్తొచ్చారు. వరండాలోకి వెళ్లి చాలాసేపు అటూ ఇటూ తిరిగాను.

రెండు వేల దశకం చివర్లో కడపలో ఒక పాలిటెక్నిక్‌లో ఆమె ఎలక్ట్రానిక్స్ విభాగానికి అధిపతి. నేను కొత్తగా చేరిన లెక్చరర్ని. అప్పటికే ఆమెకు వినికిడి తగ్గుతోంది. మాట వినిపించేది గాని, అందులోని స, శ వంటి సన్నని శబ్దాలు జారిపోయేవి. పిల్లలు ఒకటి అడిగితే ఆమె మరొకటి చెప్పేవారు. వెనక బెంచీల్లో నవ్వులు మొదలయ్యాయి. డాక్టరు ఇచ్చిన చెవి మిషన్ ఫ్యాన్ హోరును కూడా కలిపి పెంచేది. తలనొప్పి భరించలేక దాన్ని పర్సులో పడేసేవారు.

"మనమే ఒకటి చేసుకుందామప్పా రమణా," అన్నారొకరోజు. "జేబులో పట్టే డబ్బా, చెవికి ఇయర్‌ఫోన్. నాకు వినపడనివి మాత్రమే పెంచల్ల."

శబ్దాన్ని అంకెలుగా మార్చి దిద్దే చిప్పుల కోసం వెతుకులాట మొదలైంది. నాకు ఆత్రం ఎక్కువ. వీడియోను కూడా నడపగల అతి శక్తిమంతమైన చిప్పును ఎంచి, ఆ కాగితాలు ఆమె బల్ల మీద పెట్టాను.

"దీని కాళ్లు యాడుండాయి?" అని అడిగారు.

"అడుగున ఉంటాయి మేడమ్, చిన్న గుండ్ల మాదిరి."

"మన టంకం కడ్డీ ఆడికెట్ల పోతాది? దీనికి ప్రోగ్రాం రాసేది నువ్వు నేర్చుకునే దాకా నా చెవులు ఆగుతాయా?"

నేను ఆ కాగితాలు వెనక్కి తీసుకున్నాను. ఆమె ఎంచిన చిప్పు చిన్నది. కాళ్లు పక్కలకు కనబడతాయి. శబ్దాన్ని తీసుకునే భాగం, తిరిగి పంపే భాగం అందులోనే ఉన్నాయి. కంప్యూటర్ తెర మీద శబ్దాన్ని వడకట్టే ఫిల్టర్ల గడులను గీతలతో కలిపితే ప్రోగ్రాం దానంతటదే తయారవుతుంది. "మొదటిసారి చేసేవాళ్లకు ఇది సాలు," అన్నారు.

ఆ వేసవి సెలవులంతా ల్యాబ్‌లోనే గడిపాం. మొదటిసారి డబ్బా ఈల వేసింది. ఆమె ఇయర్‌ఫోన్ లాగేసి, కళ్లు మూసుకుని నిలబడ్డారు. మైకును దూరంగా జరిపితే గాని ఆ ఈల ఆగలేదు. ఒక శబ్దం పెంచితే మరొకటి గుచ్చుకునేది. ఆమె గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూ, "మళ్లా పెట్టు, మళ్లా," అనేవారు.

కాలేజీ తెరిచిన రోజు నేను ఆమె తరగతి గుమ్మం దగ్గర నిలబడ్డాను. బోర్డు మీద రాస్తూ ఆమె ఉన్నట్టుండి ఆగి నావైపు తిరిగారు.

"సుద్దముక్క ఇంత సప్పుడు చేస్తాదా రమణా?"

ఆ పూట వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్నకు సరైన జవాబే చెప్పారు. బెల్లు మోగినా, "ఇంకా అడగండి, ఇంకా," అంటూ ఎవరినీ కదలనివ్వలేదు.

ఆ డబ్బా ఆమెను కొన్నేళ్లు తరగతిలో నిలిపింది. తర్వాత మిగిలిన వినికిడి కూడా పోయింది. ఏ చిప్పూ పెంచడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఆమె ఉద్యోగం మానుకున్నారు. ఒకసారి ఇంటికి వెళ్లి, అలవాటుగా ఏవేవో గబగబా చెబుతూ కిటికీ వైపు తిరిగాను. ఆమె నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకున్నారు.

"నా మొగం చూసి చెప్పప్పా. నీ పెదాలు చూస్తేనే నాకు మాట."

నా తొందర ఇంకా తగ్గలేదు. అయినా ఈ రోజుకూ బోర్డు వైపు తిరిగి ఉన్నప్పుడు నేను ఒక్క మాట మాట్లాడను. రాయడం ఆపి, పిల్లల వైపు తిరిగి, అప్పుడు నోరు తెరుస్తాను.