స్టేషను సీనులో ఫిడేలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో సినిమా పాటలకి పెద్ద విలువ ఉండేది కాదు. పాటలు అందరూ వింటారు, అందులో గొప్పేముంది అనేవారు మా నాన్న. ఆయనకి కావలసింది పాటకీ పాటకీ మధ్య, మాటల వెనక మోగే వాయిద్యాలు. హీరో తల్లి ప్రాణం విడిచేటప్పుడు ఎన్ని ఫిడేళ్ళు లేచాయి, విలన్ మెట్లు దిగుతుంటే అడుగున వినిపించింది సెల్లో అనే పెద్ద ఫిడేలా కాదా, ఇదీ ఆయన లోకం. చోడవరం మెయిన్ రోడ్డు మీద మాకు రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే షాపు ఉండేది. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. సాయంత్రమైతే షుగర్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన ఇద్దరు ముగ్గురు, హైస్కూలు డ్రాయింగు మాస్టారు అక్కడ చేరేవారు. చెరుకు లారీలు రోడ్డంతా దుమ్ము లేపుతూ పోతుంటే వీళ్ళు చెవులు టేప్ రికార్డరుకి ఆనించి కూర్చునేవారు.

ఆ సంగీతం కేసెట్లలో దొరికేది కాదు. కేసెట్ మీద పాటలే వచ్చేవి. అందుకని మా నాన్న టేప్ రికార్డరుని చేతిసంచీలో పెట్టి, పైన తువ్వాలు కప్పి, సినిమా హాలుకి తీసుకెళ్ళి స్పీకరు పక్క సీటు చూసుకుని రికార్డు చేసుకొచ్చేవారు. ఆ టేపుల్లో ఈలలూ ఉండేవి, చంటిపిల్లల ఏడుపులూ ఉండేవి, సోడా కొట్టిన చప్పుడూ ఉండేది. వాళ్ళకి అవేవీ అడ్డం కాదు. ఇప్పుడు మా అబ్బాయి విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ ఫోనులో అదే పని చేస్తున్నాడు. బయటికి రాని బీజీఎం, అంటే ఈ వెనక సంగీతం కోసం ఎక్కడెక్కడి వాళ్ళో గుంపు కట్టి వాదించుకుంటారు. వాడికి తాత బుద్ధులు వచ్చాయని లోపల అనుకుంటాను గానీ పైకి అనను.

నాకు పదేళ్ళప్పుడు మా మావయ్య మద్రాసు నుంచి మా ఇంటికి వచ్చేశాడు. మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. అక్కడ సినిమా ఆర్కెస్ట్రాలో ఫిడేలు వాయించేవాడు. కీబోర్డు వచ్చాక ఒక్క మనిషి కూర్చుని నలభై మంది పని చేసేస్తుంటే ఫిడేలు వాళ్ళకి పిలుపులు తగ్గిపోయాయట. ఒక రేకుపెట్టె, ఒక ఫిడేలు పెట్టె పట్టుకుని అక్క దగ్గరికి వచ్చాడు. సన్నగా, మెత్తగా ఉండే మనిషి. పొద్దున్నే మా పెరట్లో కూర్చుని ఫిడేలు సాధన చేసేవాడు. అమ్మ గిన్నెలు తోముకుంటూ వినేది. ఆ కొన్నాళ్ళూ మా అమ్మ ముఖంలో ఉన్న సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

సినిమా సంగీతమంటే పడిచచ్చే మనిషికి సినిమా ఆర్కెస్ట్రాలో వాయించిన బావమరిది దొరికితే నెత్తిన పెట్టుకోవాలి కదా. అలా జరగలేదు. మా వైపు బావ బావమరిదిని ఆటపట్టించడం అలవాటే, ఎవరూ తప్పు పట్టరు. ఆ అలవాటు చాటున ఎంత కసైనా దాక్కోవచ్చని ఆ ఏడాదే నాకు తెలిసింది.

అప్పట్లో వీళ్ళందరూ ఒక సినిమాలోని ఒక బిట్టు కోసం వెర్రెత్తి తిరుగుతుండేవారు. స్టేషనులో రైలు వెళ్ళిపోతుంది, ప్లాట్‌ఫారం మీద అమ్మాయి ఒక్కతే మిగిలిపోతుంది. మాటల్లేవు. ఫిడేలు ఒక్కటే మోగుతుంది. మా నాన్న దాన్ని మొదటి వారం అనకాపల్లిలో విన్నారు. ఆ రోజు సంచీలో టేపు తీసుకెళ్ళలేదు, మళ్ళీ వెళ్ళేసరికి అక్కడ సినిమా మార్చేశారు. ఆ సినిమా చోడవరం వచ్చేసరికి ఆట తొందరగా వదలడానికి హాలు వాళ్ళు ఆ సీను కత్తిరించేశారు. దాంతో మా షాపులో చేరేవాళ్ళలో దాన్ని విన్నది మా నాన్న ఒక్కరే. ఆయన దాని గురించి చెబుతుంటే మిగతావాళ్ళు నోరు తెరుచుకుని వినేవారు.

ఒకనాటి సాయంత్రం మావయ్య షాపు గుమ్మంలో నిలబడి ఆ కబుర్లు విన్నాడు. విని, మెల్లగా అన్నాడు. "స్టేషనో కాదో నాకు తెలీదు బావా. ఓ రోజు మెయిను ఫిడేలు పెద్దాయన రాలేదు. రెండో వరసలోంచి నన్ను లేపి ఒంటిగా వాయించమన్నారు. నువ్వు సెప్తన్న సీనుకి సరిపోయేటట్టే ఉండీది. అది నాదేమో. ఆ సినిమా పేరేటి బావా?"

అందరూ ఘొల్లున నవ్వారు. వాయించినవాడికి సినిమా పేరు తెలియకపోవడం ఏమిటని వాళ్ళ సందేహం. డ్రాయింగు మాస్టారైతే, పెళ్ళికెళ్ళి భోంచేసొచ్చి పెళ్ళికొడుకెవరని అడిగినట్టుంది అన్నారు. మావయ్య ఓపిగ్గా చెప్పాడు. వాళ్ళకి తెర కనపడదట. కాగితం మీద స్వరాలు ఇస్తారు, చూసి వాయిస్తారు, ఆ కాగితం తీసుకుని ఇంకోటి ఇస్తారు. పొద్దున్న ఒక సినిమాకి, మధ్యాహ్నం ఇంకో సినిమాకి. ఏది ఎందులోకి వెళ్ళిందో, ఉంచారో తీసేశారో, వాయించినవాళ్ళకి ఎవరూ చెప్పరు. ఇదంతా నిజం. కానీ వాళ్ళు సినిమా టికెట్టు కొనుక్కుని చూసినవాళ్ళు. వాళ్ళ లెక్కలో ఇది తప్పించుకునే మాట.

ఆ రోజు నుంచి మావయ్య షాపులోకి అడుగుపెడితే చాలు, "రుజువేటి?" అని మొదలెట్టేవారు. మావయ్యకి రుజువుతో పని లేదు. తన జీవితంలో ఒక్కసారి ఒంటిగా వాయించిన ఫిడేలు బయటికి వచ్చాక ఎలా ఉందో వినాలి, అంతే. మా నాన్నని బతిమాలుకునేవాడు. "ఎక్కడన్నా దొరికితే నాకోసారి ఇనిపించు బావా. నాది కాపోతే కాదని సెప్పేస్తాను."

మా నాన్న వినిపించారు.

ఒకరోజు మధ్యాహ్నం షాపు తలుపులు దగ్గరగా వేసి, రేడియోలో ఏదో పరాయి దేశపు స్టేషను నుంచి అంతకుముందెప్పుడో పట్టిన ఫిడేలు టేపు తీశారు. దాన్ని ఒక టేప్ రికార్డరులో పెట్టి వినిపిస్తూ ఇంకోదాంట్లో రికార్డు చేశారు. డ్రాయింగు మాస్టారు మధ్యమధ్యలో ఈల వేశారు, ఒక సోడా కొట్టారు. నన్ను పిలిచి, హాల్లో దగ్గినట్టు దగ్గమన్నారు. నేను దగ్గాను. ఎవరికీ చెప్పకు, మావయ్యకి సర్‌ప్రైజు అన్నారు. నాకు భలే సంబరమేసింది.

ఆదివారం అందరినీ పిలిచారు. అనకాపల్లి హాల్లో ఆపరేటరు పనిచేసే మనిషి దగ్గర ఆ బిట్టు దొరికిందని కబురు చెప్పి, ఆ శుభానికి మాడుగుల హల్వా కూడా తెప్పించారు. మావయ్య తలంటుకుని, మద్రాసు నుంచి తెచ్చుకున్న తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. కుర్చీ ఇస్తే వద్దని టేప్ రికార్డరు ముందు కింద కూర్చున్నాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి మధ్య గుమ్మంలో నిలబడింది.

మా నాన్న బటన్ నొక్కారు. ముందు గరగర, తరవాత ఈల, ఆ వెనక నుంచి ఫిడేలు వచ్చింది. మావయ్య కళ్ళు మూసుకున్నాడు. ఎడమ చేతి వేళ్ళు మోకాలి మీద తీగలున్నట్టే కదులుతున్నాయి. కాసేపటికి కళ్ళ వెంట నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. అయిపోయాక కళ్ళు తెరిచాడు. "నాదే బావా," అన్నాడు. "ఇది నా చెయ్యే. ఇంత బాగా వచ్చిందనుకోలేదు." అమ్మ పమిట చెంగు కళ్ళకద్దుకుంది. మళ్ళీ ఓసారి పెట్టమని ఆయన అడిగాడు. మా నాన్న మళ్ళీ పెట్టారు. ఆ రెండోసారి పెట్టడం ఉంది చూడండి, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మొదటిసారితో ఆపేసి ఉంటే తమాషా అనుకునేదాన్ని.

రెండోసారి కూడా అయిపోయాక మా నాన్న నన్ను దగ్గరికి పిలిచారు. "ఏదమ్మా, ఆరోజు దగ్గినట్టు ఓసారి దగ్గు." నేను దగ్గాను. పదేళ్ళ పిల్లని, నాన్న అడిగితే దగ్గనా. అచ్చం టేపులో ఉన్న దగ్గే. అందరూ పగలబడి నవ్వారు. డ్రాయింగు మాస్టారికి హల్వా ముక్క నోట్లో ఉండగానే నవ్వొచ్చి పొలమారింది. "ఒరే, పరదేశం రేడియోలో ఎప్పుడు వాయించేవురా?" అని మా నాన్న అడిగారు.

మావయ్య వాళ్ళని చూడలేదు. నన్ను చూశాడు. కోపంగా కాదు. నేను కూడా వాళ్ళ మనిషినేనా అన్నట్టు చూశాడు. మావయ్య కూడా నవ్వుతాడు, అందరం కలిసి హల్వా తింటాం అనుకున్న నాకు అప్పుడు ఏడుపొచ్చింది. "బాగుందిలే బావా," అన్నాడాయన చివరికి. లేచి వెళ్ళి పెరట్లో కూర్చున్నాడు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అమ్మ ఒకే ఒక్క మాట అంది. "మీ సరదాకి నా తమ్ముడే దొరికేడేటండీ?" బావమరిదితో కాకపోతే ఇంకెవరితో ఆడతారన్నారు మా నాన్న. పిల్లికి చెలగాటం, ఎలకకి ప్రాణసంకటం. తమ్ముడు ఉండేది ఆ ఇంట్లోనే, తినేది ఆ ఇంటి కూడే, అమ్మ ఇంకేమంటుంది.

ఊళ్ళో ఆయనకి ఒంటిఫిడేలు అని పేరు పడిపోయింది. టీకొట్టు దగ్గర, బస్టాండులో, ఎక్కడికెళ్ళినా "ఒంటిఫిడేలూ, రుజువు దొరికిందా" అనేవారు. ఫిడేలు పెట్టె అటకెక్కింది. వేరే ఊరు పోదామంటే ఆయనకి పోవడానికి చోటు లేదు. అలా చాలా నెలలు గడిచాక, ఒక సాయంత్రం షాపులో అందరూ ఉండగా వచ్చి నిలబడ్డాడు. "అబద్ధమాడేనండి," అన్నాడు నవ్వుతూ. "ఆర్కెస్ట్రా లేదు, ఏటీ లేదు. మద్రాసులో ఓటల్లో పన్చేసీవోణ్ణి." అందరూ ఎంత సంతోషించారో చెప్పలేను. కుర్చీ లాగి కూర్చోబెట్టారు, టీ తెప్పించారు, భుజం తట్టారు. ఆ రోజుతో వెక్కిరింతలు ఆగిపోయాయి. నలుగురితో నారాయణా అనేస్తే బతుకు ఎంత సుఖమో నేను కళ్ళారా చూశాను.

మర్నాడు పెరట్లో ఒక్కడే ఉండగా వెళ్ళి అడిగాను, నిజంగా వాయించలేదా మావయ్యా అని. నాకు మాత్రం నిజం చెబుతాడనుకున్నాను. నా జడ సరిచేస్తూ, "లేదే గుంటా," అన్నాడు. నాకూ అదే చెప్పాడు.

తరవాత ఆయన అదే షాపులో మా నాన్నకి సాయం చేస్తూ, కేసెట్లు సరిచేస్తూ, పెళ్ళీ పెటాకులూ లేకుండా ముసలివాడైపోయాడు. ఫిడేలు మళ్ళీ ముట్టలేదు. కొన్నేళ్ళ కిందట పోయాడు. పెద్దకర్మ రోజున మా నాన్న, అప్పటికి పండుముసలి, పందిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుని వచ్చినవాళ్ళకి చెబుతున్నారు. "మా బావమరిది అల్లాటప్పా మనిషి కాదండి. మద్రాసులో పెద్ద ఆర్కెస్ట్రా. ఒంటిగా ఫిడేలు వాయించేడు సినిమాలో. స్టేషను సీను."

నేను చేతిలో పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. జనం కదిలాక దగ్గరికెళ్ళి అడిగాను, మీరు నమ్మలేదు కదా నాన్నా అని.

"నమ్మకపోడమేటి," అన్నారు. "అనకాపల్లిలో ఇన్నాను కదా. ఈడొచ్చి మన పెరట్లో ఫిడేలు తీసిన రోజే తెలిసిపోయింది, అదే చెయ్యని. నా చెవి సంగతి నీకు తెలీదా."

మరెందుకలా చేశారని అడిగాను. ఆయన పందిరి గుంజని చూస్తూ చెప్పారు.

"ఆ బిట్టు కోసం నేను ఎన్నూళ్ళు తిరిగేనో నీకు తెలీదు. అది వాయించినోడు నా గుమ్మంలో నిల్చుని, ఆ సినిమా పేరేటి బావా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది."

మావయ్యకి కావలసిన మాట ఒక్కటే. అది నీదేరా, చాలా బాగా వచ్చింది. భూమ్మీద ఆ మాట చెప్పగలిగిన మనిషి ఒకే ఇంట్లో, ఒకే గిన్నెలో అన్నం తింటూ, మావయ్య పోయేదాకా చెప్పలేదు. మావయ్య పోయాక పందిట్లో ఊరందరికీ చెప్పారు. మా నాన్నంటే నాకు ప్రాణం, ఆయన పోయినప్పుడు గుండె పగిలేలా ఏడ్చాను. ఈ ఒక్కదానికి మాత్రం ఆయన్ని క్షమించలేదు, క్షమించను కూడా.

నమ్మకపోవడం వల్లే మనుషులు అలా చేస్తారని చిన్నప్పటి నుంచీ అనుకుంటూ పెరిగాను. రుజువు దొరికి ఉంటే మావయ్య గెలిచేవాడనుకున్నాను. ఇప్పుడు ఎక్కడైనా నలుగురు చేరి ఒక మనిషిని రుజువు చూపించమని నవ్వుతుంటే, నేను ఆ మనిషిని చూడను. నవ్వేవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటీ చూస్తాను. వాళ్ళలో నిజం తెలిసినవాడు ఒకడుంటాడు, అందరికంటే గట్టిగా నవ్వేది వాడే.