అమ్మవారు చెప్పిన మాట

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చిన రోజు తెలంగాణ బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా నడిచే వెళ్లాను. దారంతా ఏడుపు రాలేదు, దేవుడి మీద కోపం వచ్చింది. అది ఇంకా పోలేదు.

ఆమె మా అమ్మకు అక్క. నల్లగొండ దిక్కు నుంచి వచ్చి, చీరలకు ఫాల్ కుడుతూ బతికింది. వెళ్లినప్పుడల్లా సూదిలోకి దారం నేనెక్కించాలి. ఆలస్యమైతే "కండ్లు నాయి పోయినయా, నీయి పోయినయా?" అని గదిమేది. పొద్దున దీపం పెట్టి, నల్లాలో నీళ్లు రాలేదని, మోకాలు గుంజుతున్నదని అమ్మవారికి అన్నీ చెప్పుకునేది. "ఆమెకు మనమంటే పాణం బిడ్డా, ఇనకుండ ఎట్లుంటది?" అనేది.

బోనాలప్పుడు పెద్దమ్మకు పూనకం వచ్చేది. గల్లీవాళ్లు తమ కష్టాలు అడిగితే, ఆమె నోటితో అమ్మవారే జవాబు చెప్పేదని అందరి నమ్మకం. రెండేళ్ల కింద ఎదురింటి అక్క వచ్చి ఆమె కాళ్ల మీద పడింది. అక్క కొడుకు ర్యాలీలో తలకు దెబ్బ తగిలి దవాఖానలో ఉన్నాడు.

"అమ్మా, నా కొడుకు ఇంటికొస్తడా?"

"ఒస్తడు. నేను తోలుకొస్త."

నాలుగో రోజు పిల్లవాడు పోయాడు.

మరుసటి ఏడాది డప్పులు గల్లీలోకి రాగానే పెద్దమ్మ తలుపేసుకుంది. దీపం మాత్రం పెట్టేది, అమ్మవారితో ఒక్క మాటా మాట్లాడేది కాదు. పోయిన నెల నేను దారం ఎక్కిస్తుంటే తనే బయటపెట్టింది.

"ఆ రోజు నా మీదికి ఎవ్వరు రాలే బిడ్డా. ఆ తల్లి మొఖం చూడలేక నేనే అన్న."

"మరి అంతకుముందు?"

"అమ్మ ఒచ్చిందనే అనుకున్న. మనం ఆమెకు యాదికున్నమో లేమో, నాకెట్ల తెలుస్తది?"

కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది. "గా తల్లికి నిజం చెప్పు. నాకు నోరొస్తలేదు."

సరే అన్నాను. ఇయ్యాల రేపని నెల గడిపాను, సిగ్గులేనిదాన్ని.

నేను చేరేసరికి ఎదురింటి అక్క శవం దగ్గర కూర్చుని పాదాలకు పసుపు రాస్తోంది. ఇప్పుడన్నా చెప్పాలని పక్కన కూర్చున్నాను.

"అక్కా, పెద్దమ్మ నీకొక మాట చెప్పమంది."

"ఇంకేం చెప్తది చెల్లె? ఈమె నోటితోనే గదా అమ్మ నాతోని మాట్లాడింది. నా కొడుకును తోలుకొస్త అన్నది. ఏమైందో ఏమో, ఆమెకు గూడ చేతగాలే. కానీ జవాబైతే ఇచ్చింది, నన్ను మనిషిలెక్క చూసింది. గా ఒక్క మాట మీదనే బతుకుతున్న." కళ్లు తుడుచుకుంది. "ఏం చెప్పమంది?"

"నిన్ను పైలంగ ఉండమంది" అన్నాను.

అక్క తలూపింది. గిన్నెలో మళ్లీ పసుపు కలిపి, మడమ పగిలిన ఆ రెండో పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందుల్లో కూడా మెల్లగా రాయడం మొదలుపెట్టింది.